నాన్నగారిచ్చిన పుస్తకం: గోదావరి చెమ్మలో దాన్ని కాపాడుకునే తీరు

నా పదో తరగతి ఫలితాలు వచ్చిన వారంలో నాన్నగారు ఒక చిన్న తెలుగు నిఘంటువు తెచ్చి నా చేతిలో పెట్టారు. అట్ట లోపలి ఖాళీ పుటలో నీలం సిరాతో నా పేరు, తేదీ, కింద తన సంతకం మాత్రమే ఉన్నాయి. ఆశీస్సులు, హితోక్తులు ఏవీ రాయలేదు. నేను చదువుకని కాకినాడ వెళ్లినప్పుడు ఆ పుస్తకం ఇంట్లోనే ఉండిపోయింది. అందులో దొరకని మా ఊరి మాట ఏది తగిలినా, అది ఉండవలసిన చోటు చూసుకుని, పుట అంచున పెన్సిలుతో రాసి పెట్టడం ఆయనకు అలవాటుగా మారింది. బోదె (పొలానికి నీరు తెచ్చే చిన్న కాలువ), పుంత, పంటు, దింపు, ఒలుపు, దాళ్వా (రెండో పంట), ఇలా ఇరవై ఏళ్లపాటు ఆ అంచులు నిండుతూ వచ్చాయి. పాత పుస్తకాల కొట్లో అటువంటి ప్రతికి వంద రూపాయలు పలికితే గొప్ప. నాకు మాత్రం అచ్చయిన భాగం కంటే ఆ అంచులే ముఖ్యం.

ఆ సంగతి నాకు ఆలస్యంగా తెలిసింది. నాన్నగారి సంవత్సరీకానికి ఆయన పుస్తకాన్ని చక్కగా బైండు చేయించి పూజలో పెట్టాలన్న ఉద్దేశంతో దగ్గరి పట్టణంలో ఒక బైండరుకు ఇచ్చాను. ఆయన తన పని తాను శుభ్రంగా చేశాడు: పాత అట్ట తీసేశాడు, పుటలను గట్టిగా కుట్టాడు, అంచులు సమంగా ఉండాలని మూడు వైపులా మిషను మీద కోశాడు. పుస్తకం కొత్తదానిలా తిరిగి వచ్చింది. తెరిచి చూస్తే 'బోదె'లో 'బో' మిగిలింది, 'పుంత'లో సున్నా దగ్గర కత్తి ఆగింది. సంతకం ఉన్న పుట పాత అట్టతోపాటే చెత్తలోకి పోయింది. కోయవద్దని నేను చెప్పలేదు కాబట్టి తప్పు ఆయన మీద మోపలేను. ఇక్కడ రాసేదంతా ఆ రోజుకు ముందే నాకు తెలిసి ఉంటే బాగుండేదనుకునే విషయాలు.

ముట్టుకోక ముందు చూడండి

అమ్మో నాన్నో ఇచ్చిన పుస్తకాన్ని బాగుచేయాలనిపించినప్పుడు మొదటి పనిగా దాన్ని బల్లమీద పరచిన శుభ్రమైన గుడ్డపై పెట్టి, ముందు అట్ట నుంచి వెనుక అట్ట దాకా ఒక్క పుటా వదలకుండా తిరగేయాలి. చేతులు సబ్బుతో కడుక్కుని పూర్తిగా ఆరనిస్తే చాలు, తొడుగులు అక్కరలేదు; తొడుగులతో పెళుసు కాగితం చిరిగే అవకాశమే ఎక్కువ. పుటల మధ్య ఏమేమి ఉన్నాయో, ఏ పుటలో ఉన్నాయో ఒక కాగితం మీద రాసుకోవాలి. బస్సు టికెట్టు, ఎండిన రావి ఆకు, సినిమా కరపత్రం, కిరాణా చీటీ, పెళ్లి శుభలేఖ ముక్క, ఏదైనా కావచ్చు. వాటిని తీయవలసి వస్తే, తీసే ముందు అవి ఉన్నచోటే ఫోటో తీయాలి. ఆకులు, పువ్వులు, లోహపు పిన్నులు కాగితాన్ని మరక పట్టిస్తాయి కాబట్టి వాటిని విడిగా చిన్న కాగితపు కవరులో పెట్టి, ఏ పుటలోవో కవరు మీద పెన్సిలుతో రాయాలి. తుప్పు పట్టిన పిన్నును లాగకూడదు. తలను పట్టుకుని మెల్లగా వదులు చేయాలి.

ప్రతి గీత, మరక, చిరుగు దగ్గరా ఒకే ప్రశ్న వేసుకోండి: ఇది పోతే ఇదే పుస్తకం మరో ప్రతి కొని ఆ లోటు పూడ్చగలమా? అచ్చు అక్షరం పోతే మరో ప్రతిలో చూసుకోవచ్చు. అమ్మ వంటింట్లో చదువుతూ పెట్టిన పసుపు వేలిముద్ర ఏ ప్రతిలోనూ దొరకదు. నాన్నగారు మడిచిన పుట మూలను మనం సరిచేస్తే ఆయన ఎక్కడ ఆగారో మరి తెలియదు. కాబట్టి శుభ్రం చేయాలన్న ఉత్సాహాన్ని మన ఆడపడుచులు పండుగకు ఇల్లు కడిగేటప్పుడు చూపే స్థాయికి పోనివ్వకూడదు. మెత్తని కుంచెతో వెన్ను నుంచి బయటి అంచు వైపు ధూళి దులిపితే చాలు. తడి గుడ్డ వద్దు, రబ్బరు అసలే వద్దు.

పుస్తకం ఇచ్చినవారు జీవించి ఉంటే ఈ పని వారి పక్కన కూర్చుని చేయండి. ఎక్కడ కొన్నారు, ఆ రోజు చేతిలో డబ్బు ఎంత ఉంది, ఆ పుస్తకాన్నే ఎందుకు ఎంచుకున్నారు అని అడగండి. సెల్‌ఫోనులో వారి మాటలను రికార్డు చేసుకోండి. వారు జవాబు చెప్పకుండా ఇంకేదో సంగతిలోకి వెళ్లిపోతే అడ్డుపడవద్దు, సాధారణంగా అసలు కథ అందులోనే ఉంటుంది.

చెమ్మతో కాపురం

గోదావరి డెల్టాలో పుస్తకానికి మొదటి శత్రువు చెమ్మ. మూడు వైపులా కాలువలు, నాలుగో వైపు సముద్రం ఉన్న ఊళ్లలో వానాకాలం గాలిలో తేమ ఎనభై శాతం దాటడం మామూలు. తేమ 65 శాతం దాటి నిలిచిపోయినచోట బూజు పెరుగుతుంది. 60 శాతానికి లోపు ఉంచగలిగితే చాలావరకు భయం ఉండదు. ఈ లెక్క చూపే చిన్న పరికరం కొన్ని వందల రూపాయలకే దొరుకుతుంది. పుస్తకం ఉన్న అరలో దాన్ని పెట్టి ఒక వారం గమనిస్తే, మనం పదిలమనుకున్న చోటు నిజంగా పదిలమో కాదో తెలుస్తుంది.

మా ఇంట్లో అందరికీ నమ్మకమైన చోటు ఇనుప బీరువా. తాళం వేసే వీలుంది, రేకుకు చెదలు పట్టవు. కానీ బయటి గోడకు ఆనించిన బీరువాలో, ముఖ్యంగా కార్తీకం తరువాత చల్లని రాత్రుల్లో, గోడ వైపు రేకు చల్లబడి లోపల చెమ్మ పేరుకుంటుంది. గోడకు జానెడు ఎడం ఇచ్చి, పుస్తకాన్ని వెనుక రేకుకు తగలకుండా నడిమి అరలో ఉంచి, వారానికి ఒకసారి పొడిగా ఉన్న మధ్యాహ్నం తలుపులు గంటసేపు తెరిచి పెడితే బీరువా మంచి చోటే. పెంకుటింటి అటక మీద వేసవిలో వేడి, వానాకాలంలో కారుపు, ఎప్పుడూ ఎలుకలు, అక్కడ పెట్టకూడదు. మండువా లోగిలి ఉన్నవారు మండువా వైపు గోడను వదిలి, లోపలి గదిలో, నేలకు కనీసం మోకాలెత్తున చోటు చూసుకోవాలి. వంటింటి గోడ, స్నానాల గది గోడ పనికిరావు.

బీరువాలో తేమను పీల్చే సిలికా జెల్ సంచులు వాడవచ్చు, అయితే అవి ఒకసారి పెట్టి మరిచిపోయేవి కావు. రంగు మారే రకం కొనుక్కుంటే నీలం గులాబీగా, లేదా నారింజ పచ్చగా మారినప్పుడు వాటి పని అయిపోయిందని గుర్తు. నీలం రకంలో కోబాల్టు లవణం ఉంటుంది కాబట్టి చిన్నపిల్లలున్న ఇంట్లో నారింజ రకమే మేలు.

చుట్టే గుడ్డ విషయంలో చాలామంది పొరబడతారు. నూలు గుడ్డ మంచిదే. మన పెద్దలు తాళపత్రాలను గుడ్డలో కట్టి దాచింది ఊరికే కాదు. కానీ బండారులంక చేనేత గుడ్డ కొత్తదైతే నూలుకు పట్టించిన గంజి అందులో ఇంకా ఉంటుంది, గంజి పురుగులకు విందు. రెండు మూడు సార్లు ఉతికి, గంజి పెట్టకుండా ఆరబెట్టిన పాత పంచె ముక్క అన్నిటికన్నా మేలు. నా నిఘంటువు నాన్నగారి పంచె ముక్కలోనే ఉంది. అందులో భావుకత ఎంత ఉందో శాస్త్రమూ అంతే ఉంది. ప్లాస్టిక్ సంచిలో బిగించి కట్టడం మాత్రం మన వాతావరణంలో లోపలి చెమ్మను బంధించి బూజును పెంచడమే అవుతుంది. స్కూలు పుస్తకాలకు వేసే గోధుమరంగు అట్టలో ఆమ్లం ఉంటుంది కాబట్టి, అది వేసి ఉంటే రెండేళ్లకొకసారి మార్చాలి. అయితే ఆ అట్ట కూడా నాన్నగారు వేసినదైతే దాన్ని పారేయకుండా విడిగా దాచండి.

ఎండ గురించి ఒక మాట. రోహిణీ కార్తె ఎండలో పరుపులు, ఒడియాలు ఆరబెట్టినట్టు పుస్తకాలనూ ఆరబెట్టే ఇళ్లు ఇప్పటికీ ఉన్నాయి. చవక కాగితంలో ఉండే లిగ్నిన్ అనే పదార్థం ఎండ తగిలితే పచ్చబడుతుంది, వేడికి కాగితం పెళుసెక్కుతుంది. గాలి పోయించాలంటే సంక్రాంతి దాటాక, మంచు విడిపోయి పొద్దెక్కిన తరువాత, నీడపట్టున అరగంట నిలబెట్టి తెరిచి ఉంచాలి.

పురుగులు, పసుపు కుంకుమలు

వెండిలా మెరుస్తూ చేపలాంటి ఒంటితో పరుగెత్తే పురుగులు పుస్తకంలోని జిగురును, గంజిని గీరి తింటాయి. చిన్న గుండ్రటి రంధ్రాలు పుటలన్నిటి గుండా పోయి ఉంటే లోపల తొలిచే పురుగు ఉన్నట్టు. రంధ్రాల కింద మెత్తని పొడి కొత్తగా రాలుతుంటే అది ఇంకా బతికే ఉంది. అప్పుడు పుస్తకాన్ని గుడ్డలో చుట్టి, గాలి తీసిన రెండు ప్లాస్టిక్ సంచుల్లో ఒకదానిలో ఒకటిగా పెట్టి మూసి, డీప్ ఫ్రీజరులో రెండు వారాలు ఉంచాలి. బయటికి తీశాక ఒక రోజంతా సంచి విప్పకూడదు, విప్పితే చల్లని కాగితం మీద చెమట పట్టినట్టు నీరు పేరుతుంది. ఈ పనికి మందులు చల్లనవసరం లేదు.

కలరా ఉండలు వేయడం మన ఇళ్లలో ఆచారంలా స్థిరపడింది. వాటి ఆవిరి పీల్చడం మనుషులకు మంచిది కాదు. ముఖ్యంగా జీ6పీడీ అనే ఎంజైము లోపంతో పుట్టిన పసిపిల్లలకు రక్తకణాలు చిట్లిపోయే ప్రమాదం ఉంది. పైగా అవి చెమ్మను ఏమీ చేయలేవు. వేపాకు వేయదలచుకుంటే పూర్తిగా ఎండినది చిన్న గుడ్డమూటలో కట్టి అరలో పెట్టాలే తప్ప పుటల మధ్య పెట్టకూడదు. చెదలు గోడ వెంట మట్టి గొట్టాలు కట్టుకుంటూ వస్తాయి. నెలకొకసారి బీరువా వెనుక దీపం వేసి చూడడమే వాటికి సరైన మందు.

దసరాల్లో మూలా నక్షత్రం నాడు సరస్వతీ పూజకు ఈ పుస్తకాన్నే పెట్టాలని ఇంట్లో అనడం సహజం. పెట్టండి. పసుపు కుంకుమలు మాత్రం పైన చుట్టిన గుడ్డకో, తాత్కాలికంగా వేసిన కాగితపు అట్టకో పెట్టి, అక్షతలు, పువ్వులు పక్కన పళ్లెంలో ఉంచండి. పసుపు మరక కాగితం నుంచి పోదు. మా అమ్మ మొదట దీన్ని ఒప్పుకోలేదు, గుడ్డ నాన్నగారి పంచె అని చెప్పాక మారు మాట్లాడలేదు.

చిరుగులు, బైండింగు

పారదర్శకంగా ఉండే అతుకు టేపు పుస్తకానికి చేసే మేలు రెండేళ్లది, కీడు శాశ్వతం. దాని జిగురు పచ్చబడి కాగితంలోకి దిగుతుంది, ఆ తరువాత పట్టీ ఊడిపోయినా మరక ఉండిపోతుంది. తెల్లని ఫెవికాల్ ఎండితే మళ్లీ విడదీయడం కష్టం. లామినేషన్ గురించి చెప్పనే అక్కరలేదు: వేడి చేసి ప్లాస్టిక్‌లో పూడ్చిన సంతకాన్ని వెనక్కి తీసే దారి ఉండదు.

చిన్న చిరుగును మీరే అతికించవచ్చు. ఒక చెంచా మైదాను అయిదు చెంచాల నీటిలో ఉండలు లేకుండా కలిపి, సన్నని సెగ మీద తిప్పుతూ, పాలలాంటి తెలుపు పోయి గాజులా మెరిసేదాకా ఉడికించి, పల్చని గుడ్డలో వడకట్టాలి. ఆ జిగురు ఆ రోజుకే పనికొస్తుంది. పురుగు పట్టకుండా బైండర్లు ఇందులో మైలుతుత్తం కలుపుతారు, కానీ రాగి లవణం కాలక్రమంలో కాగితాన్ని తినేస్తుంది కాబట్టి మన పుస్తకానికి అది కలపకూడదు. ఆన్‌లైనులో దొరికే పల్చని జపాను కాగితాన్ని కత్తెరతో కాకుండా తడి గీత వెంట చేత్తో చింపితే అంచున పీచు నిలుస్తుంది, అది చిరుగు మీద కనబడకుండా ఒదుగుతుంది. జిగురు పలచగా రాసి, అతికించి, కిందా పైనా బటర్ పేపరు ఉంచి, బరువు పెట్టి రాత్రంతా వదిలేయాలి. నాన్నగారి సిరా ఉన్నచోటికి తడి తగలకూడదు. సిరా కరుగుతుందో లేదో ఒక చుక్క మీద తడిపిన దూది మొన ఆనించి, తెల్ల కాగితంతో అద్ది చూస్తే తెలుస్తుంది. పాత ఫౌంటెన్ పెన్ను నీలం సిరా చాలావరకు కరుగుతుంది.

కుట్టు విడిపోయి పుటలు ఊడుతుంటే బైండింగు తప్పదు. అప్పుడు పుస్తకంతోపాటు ఒక కాగితం కూడా ఇవ్వండి, నోటిమాట సరిపోదు. అందులో నాలుగు షరతులు ఉండాలి: అంచులు ఏ వైపునా కోయకూడదు, పాత అట్ట, ఖాళీ పుటలు, వెన్ను పట్టీ, ఊడిన ప్రతి ముక్కా తిరిగి ఇవ్వాలి, జిగురు మైదాదే వాడాలి, పని మొదలుపెట్టే ముందు రాత ఉన్న పుటలను కలిసి ఒకసారి చూడాలి. కోయకపోతే పుస్తకం అందంగా ఉండదని బైండరు అంటాడు. అందం మనకు అక్కరలేదని నవ్వుతూ చెప్పండి. పుటలు మరీ పెళుసెక్కి, మడిస్తే విరిగేలా ఉంటే బైండింగు మానేసి, పుస్తకం కొలతకు గట్టి అట్టపెట్టె ఒకటి చేయించి అందులో పడుకోబెట్టడమే మంచిది. రాజమహేంద్రవరంలో 1898 నాటి గౌతమీ గ్రంథాలయానికి వెళితే పాత పుస్తకం ఎలా ఉంటుందో, ఎంత జాగ్రత్త కోరుతుందో కళ్లారా చూడవచ్చు.

ఏరు పొంగినప్పుడు

1986 ఆగస్టులో గోదావరి గట్లు తెగినప్పుడు, 1996 నవంబరు తుపానులో, 2022 జూలై వరదలో మన లంక గ్రామాల ఇళ్లలో బియ్యం, బట్టలు, పట్టాదారు పుస్తకాలు ఎత్తిన తరువాతే మిగిలిన పుస్తకాలు గుర్తుకొచ్చాయి. అందుకని ముందే ఒక నియమం పెట్టుకోవాలి. ధవళేశ్వరం వద్ద మొదటి ప్రమాద హెచ్చరిక 11.75 అడుగులకు, రెండవది 13.75కు, మూడవది 17.75కు ఇస్తారు. ఏటిగట్టుకు లోపల ఉన్నవారు మొదటి హెచ్చరికకే పుస్తకాన్ని మూత గట్టిగా పడే ప్లాస్టిక్ డబ్బాలో పెట్టి డాబా ఉన్న ఇంటికి చేర్చాలి. ఆ నాలుగు రోజులకు మాత్రం ప్లాస్టిక్ మంచిదే.

తడిసిపోతే రెండు రోజుల్లో బూజు మొదలవుతుంది, కాబట్టి మొదటి గంటలు విలువైనవి. తడిసిన పుస్తకాన్ని బలవంతంగా తెరవకూడదు. ఒండ్రు పట్టి ఉంటే, చేతిరాత లేని పుస్తకమైతే, మూసిపట్టుకుని శుభ్రమైన నీటిలో మెల్లగా జాడించవచ్చు. సిరా రాత ఉంటే ఆ పని చేయక, బురదను ఎండాక దులుపుకోవడమే మేలు. పొడి తువ్వాలుతో పైపైన అద్ది, అట్టలు కొద్దిగా తెరిచి నిలబెట్టి, ఫ్యాను గాలి నేరుగా కాకుండా గదిలో తిరిగేలా పెట్టాలి. ప్రతి ఇరవై పుటలకు ఒక తెల్లని పీల్చే కాగితం పెట్టి, తడిసినప్పుడల్లా మార్చాలి. వార్తాపత్రిక సిరా అంటుతుంది. కరెంటు లేక ఆరబెట్టే వీలు లేకపోతే పుస్తకాన్ని రెండు సంచుల్లో మూసి, రొయ్యలు పంపే థర్మోకోల్ పెట్టెలో ఐసు మధ్య పెట్టండి. భీమవరం పరిసరాల్లో ఐసుకు కరువు లేదు. పుస్తకం గడ్డకట్టదు గాని బూజు ఒకటి రెండు రోజులు ఆలస్యమవుతుంది. కరెంటు వచ్చాక ఫ్రీజరులోకి మార్చి, తీరిక చిక్కినప్పుడు ఆరబెట్టుకోవచ్చు.

బూజు పట్టేసి ఉంటే ముక్కుకు మాస్కు కట్టుకుని, పుస్తకం పూర్తిగా ఆరిన తరువాత ఆరుబయట గాలివాలు చూసుకుని మెత్తని కుంచెతో దులపాలి.

ప్రతులు, పంపకం

రాత ఉన్న ప్రతి పుటనూ కిటికీ పక్కన, నేరుగా ఎండ పడని వెలుతురులో, ఫోను పుటకు సమాంతరంగా పట్టుకుని ఫోటో తీయండి. స్కానరు ఉంటే 300 డీపీఐకి (అంగుళానికి 300 చుక్కలకు) తగ్గకుండా చేయండి. పెన్సిలు రాతకు 600 అయితే ఇంకా మంచిది. ఒక ప్రతి ఇంట్లో, ఒకటి తోబుట్టువుల దగ్గర, ఒకటి ఆన్‌లైనులో ఉంచండి. పుస్తకం మొత్తాన్ని అందరికీ పంచడం మాత్రం వద్దు, మన దేశంలో రచయిత మరణించిన తరువాత అరవై ఏళ్లదాకా హక్కులు ఉంటాయి. నాన్నగారి రాత మీ కుటుంబానికి చెందినది.

అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు ఉన్న ఇంట్లో పుస్తకం ఎవరి దగ్గర ఉండాలన్నది పొలం పంపకం కంటే సున్నితమైన విషయం కావచ్చు. ఎవరికి ఇచ్చారో మొదటి పుటలో ఉంటే వారిదే. లేకపోతే చెమ్మ తక్కువ ఉన్న ఇంట్లో ఉంచి, మిగిలినవారికి రాత ఉన్న పుటల నకళ్లు కుట్టించి ఇవ్వడం న్యాయం. గ్రంథాలయానికి ఇచ్చేయాలన్న ఆలోచన ఉదారమైనదే గాని, అక్కడ అంచుల్లోని రాతను పుస్తకానికి జరిగిన నష్టంగా చూసే అవకాశం ఉంది.

పుస్తకంతోపాటు ఒక చీటీ ఉండాలి. ఎవరు, ఎవరికి, ఎప్పుడు, ఏ సందర్భంలో ఇచ్చారు, అందులోని రాత ఎవరిది, ఏ మరక ఎలా వచ్చింది అన్నవి పెన్సిలుతో, మంచి తెల్ల కాగితం మీద రాసి పెట్టెలో వేయండి. బాల్‌పెన్ను సిరా కొన్నేళ్లకు ఎదుటి కాగితానికి పాకుతుంది. తెలిసినవారు ఉండగానే ఆ పని ముగించాలి.

నా నిఘంటువులో సగం తెగిన మాటల జాబితా తీసుకుని పోయిన ఏడాది మా అత్తయ్య దగ్గరికి వెళ్లాను. 'బో' దగ్గర నేను బోడి అని ఊహించి చదివితే ఆవిడ విసుక్కుంది: "బోడి ఏవిట్రా, బోదె. దాళ్వాకి మీ నాన్న నీళ్లు పెట్టింది ఆ బోదెలోంచే కదా." అలా మధ్యాహ్నం నుంచి దీపాలు పెట్టేవేళ దాకా కూర్చుని నలభై ఒక్క మాటల్లో ముప్పై ఎనిమిదింటిని పూర్తి చేశాం. తక్కిన మూడింటికి ఎదురుగా చీటీలో చోటు వదిలి, పెన్సిలును కూడా పెట్టెలోనే ఉంచాను.